పసుపంటిన వేలు

ఈ వారం కూడా ఇంజెక్షన్ లేదని డాక్టర్ పూర్ణచంద్రరావు చెప్పేసరికి కృపమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది. లేచి ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూర్చుంది. ఆయన అదేమీ గమనించలేదు. ఆయన మాట్లాడుతున్నది ఆమె చెల్లెలు విజయమ్మతో. విజయమ్మ రేపల్లె మిషన్ బళ్ళో టీచరు కాబట్టి ఆమెను మీరు అనేవాడు. కృపమ్మ దుగ్గిరాల పసుపు కళ్ళాల్లో కూలిపని చేసుకునేది కాబట్టి నువ్వు అనేవాడు. చెడ్డవాడేం కాదు. డెబ్భై ఏడులో తెనాలి డాక్టర్లు ఎవరైనా అలాగే అనేవారు, కృపమ్మ కూడా అందులో తప్పు పట్టేది కాదు.

"తెల్లకణాలు ఇంకా పుంజుకోలేదు టీచరుగారూ," అన్నాడాయన. మందు జబ్బు కణాల్ని చంపుతుందనీ, వాటితో పాటు ఒంటికి కాపలా కాసే తెల్లకణాల్ని కూడా కొన్నిటిని చంపేస్తుందనీ, అవి మళ్ళీ పుట్టేదాకా ఆగి తీరాలనీ, ఆగకుండా ఇస్తే ఊరికే వచ్చిపోయే జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుందనీ ఓపిగ్గా చెప్పాడు. విజయమ్మ శ్రద్ధగా విని తల ఊపింది. కృపమ్మ చెవికి మాత్రం ఒక్క మాటే ఎక్కింది. ఆగాలి.

"ఆగితే గడ్డ కూడా ఆగిద్దాండి?" అని అడిగింది.

డాక్టరుగారు నవ్వి, వచ్చే సోమవారం రమ్మని చెప్పి, తర్వాతి మనిషిని పిలవమన్నాడు.

బయట రిక్షా మాట్లాడి చెల్లెల్ని ఎక్కించింది గానీ తను ఎక్కలేదు. రిక్షా పట్టె మీద చెయ్యేసి పక్కనే నడుస్తూ స్టేషన్ దాకా వచ్చింది. ఎక్కి కూర్చోవే అక్కా, చోటుందిగా అని విజయమ్మ రెండుసార్లు పిలిచింది. కూర్చుంటే తన కాళ్ళు ఊరుకోవని కృపమ్మకు తెలుసు. ఈ పదిహేను రోజులుగా ఆమె అన్నం కూడా నిలబడే తింటోంది.

బాపట్ల ఆసుపత్రిలో రొమ్ము తీసేసి ఏడాది తిరక్కుండా విజయమ్మ మెడ పక్కన, ఎముక పైన గడ్డ లేచింది. జబ్బు లోపలికి పాకింది, ఇక కోసి లాభం లేదు, మందులతోనే లొంగదీయాలి అన్నారు అక్కడివాళ్ళు. ఆ మందులు మద్రాసు నుంచి తెప్పించి ఇచ్చేవాడు ఈ చుట్టుపక్కల పూర్ణచంద్రరావు ఒక్కడే. మూడు మందులు నరానికి ఎక్కించేవారు. ఒకటి సీసాలో పొడి, నర్సు ప్రేమకుమారి అందులో నీళ్ళు పోసి అరచేతుల మధ్య దొర్లించి దొర్లించి కరిగించేది. ఒకటి అచ్చం నీళ్ళలాగే ఉండేది. మూడోది పసుప్పచ్చగా, దుగ్గిరాలలో కొమ్ములు కడిగిన నీళ్ళలా ఉండేది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు ఇది మా పసుపే గదమ్మా అని కృపమ్మ అనేసింది. ప్రేమకుమారి నవ్వి, కాదమ్మా, రంగు ఒకటే అంది. కృపమ్మ ఆ మాట నమ్మలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ రంగు ఆమెకు తిండి పెట్టింది. వాళ్ళ ఇళ్ళల్లో గడపకు పసుపు రాసే అలవాటు లేదు, మొహాలకూ రాసుకోరు. కానీ కృపమ్మ చేతులు మాత్రం ఆదివారం గుళ్ళో ప్రార్థనకి జోడించినా పచ్చగానే ఉండేవి.

ఆ పచ్చమందు పడ్డాక గడ్డ తగ్గింది. ఇది డాక్టరుగారు చెప్పక ముందే కృపమ్మకు తెలుసు. చెల్లెలి పైట సర్దే వంకతో రోజూ పొద్దున్నే వేలితో తడిమి చూసేది. రేగిపండంత ఉన్నది శనగగింజంత అయింది, తర్వాత కందిగింజంత అయింది. రెండు సోమవారాలు వరసగా తిప్పి పంపించాక మళ్ళీ శనగగింజంత తగులుతోంది. నిజంగా పెరిగిందో, ఆమె భయం పెరిగిందో ఎవరు చెప్పగలరు.

రేపల్లె బండి ఎక్కించకుండా చెల్లెల్ని దుగ్గిరాల తీసుకుపోయింది. వారం రోజులు నా దగ్గరుంటే నాలుగు గుడ్లన్నా తినిపిస్తా అంది. చిన్నప్పటి నుంచీ విజయమ్మకు సంబంధించిన సంగతులన్నీ కృపమ్మే తేల్చేది. బళ్ళో వేసిందీ, బాపట్లలో టీచరు ట్రైనింగుకి పంపిందీ, జార్జిని చూసి పెళ్ళి చేసిందీ తనే. చెల్లెలు ఎప్పుడూ కాదనలేదు.

*

వీరరాఘవయ్యగారి కళ్ళంలో ఆ వారమంతా పసుపు ఉడకబెడుతున్నారు. ఇనప బానలో దుంపలు నింపి, నీళ్ళు పోసి, పైన పసుపాకు కప్పి, దాని మీద గోతాలు పరిచి మంట పెడతారు. నురుగు పొంగి ఘాటు వాసన కళ్ళంలో నిండుతుంది. కృపమ్మ పని మంట దగ్గర. కంప తోస్తూ, మధ్య మధ్య గోతం ఎత్తి ఒక కొమ్ము తీసి, చీపురుపుల్ల గుచ్చి చూసేది. పుల్ల ఇవతల్నించి అవతలికి మెత్తగా దిగితే ఉడికినట్టు. పైపైన ఆగిపోతే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. ఆ కళ్ళంలో ఆమె చాలన్న దాకా బాన దించేవాళ్ళు కాదు.

మంట పెట్టాక మాత్రం మధ్యలో ఆపకూడదు. నిరుడు అకాల వర్షం వచ్చి పొయ్యి తడిసిపోతే ఒక బాన సగం ఉడికి ఆగిపోయింది. వాన వెలిశాక మళ్ళీ మంట పెట్టారు. ఎంత కాచినా ఆ కొమ్ము కొమ్ము కాలేదు, ఎండబెడితే పెళుసుగా విరిగి, నెల తిరక్కుండా పురుగు పట్టింది. వీరరాఘవయ్యగారు ఆ బస్తాల్ని మార్కెట్ యార్డుకి తోలడానికి సిగ్గుపడి దిబ్బలో పోయించాడు.

కృపమ్మ కంప తోస్తున్నంతసేపూ ఆ బానే గుర్తొచ్చేది. రెండు వారాలుగా పొయ్యి ఆర్పేసి కూర్చున్నారు డాక్టరుగారు. ఇలాగే ఇంకో వారం, ఇంకో వారం అంటూ పోతే లోపలున్న గడ్డకి పురుగు పట్టినట్టు బలం పట్టదూ? ఇంజెక్షన్లంటే భయపడేవాళ్ళని చూసింది గానీ ఇవ్వనంటే భయపడే రోజు వస్తుందని ఆమె అనుకోలేదు. మంట ఎగదోసి లేచేది, కళ్ళం చుట్టూ ఒకసారి తిరిగొచ్చేది, మళ్ళీ కూర్చునేది. నీకేమన్నా పూనిందా కృపమ్మా, నిలకడగా ఉండవేం అని తోటి ఆడవాళ్ళు మేలమాడారు.

ఇంట్లో విజయమ్మ తిండి ఇంకో గొడవ. నెత్తురు పట్టాలని మేక కారిజం వేయించి పెట్టింది, మునగాకు వండింది, రాగిజావ కాచింది. విజయమ్మ నోరంతా పూసింది. ఉప్పు తగిలితే కళ్ళ వెంట నీళ్ళొచ్చేవి. అయినా అక్క ముద్ద కలిపి చేతికిస్తే తిప్పి తిప్పి మింగేది. శనివారం జార్జి రేపల్లె నుంచి బత్తాయిలు పట్టుకొచ్చాడు. తాలూకా ఆఫీసులో గుమాస్తా అతను, మనిషి నెమ్మదస్తుడు. భార్య నోట్లో రసం చుక్క చుక్కగా పోసి, ఆమె నిద్రపోయాక పెరట్లోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని బండికి పోయాడు. తనకి ఆ ఏడుపు కూడా రావడం లేదని కృపమ్మ ఆ రోజు గమనించుకుంది.

ఆదివారం సాయంత్రం బాన దించాక ఆమె ఒక కొమ్ము చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. పుల్ల గుచ్చితే తెలిసేది ఆ కొమ్ము సంగతే అయినా, బానంతా అలాగే ఉందనుకుంటారు గదా. ఆ ఆలోచన అక్కడ పుట్టింది. పుట్టాక ఇక వదల్లేదు.

*

సోమవారం పొద్దున తెనాలిలో డాక్టరుగారి వసారా కిక్కిరిసి ఉంది. బస్సు కుదుపులకి అలిసిపోయి విజయమ్మ బల్ల మీద గోడకి తల ఆనించి నిద్రపోయింది. జుట్టు రాలిపోతోందని తలమీంచి పైట కప్పుకుంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కింది పెదవి లోపల తెల్లటి పుండు కనిపిస్తోంది.

"విజయమ్మా!" అని వసారా చివర గదిలోంచి కేక వినిపించింది.

కృపమ్మ లేచింది. చెల్లెల్ని తట్టి లేపడానికి చెయ్యి ముందుకు పోయింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని తనే గదిలోకి నడిచింది.

అక్కడ నెత్తురు చూసే మనిషి యోబు. చెరుకుపల్లి వైపువాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సూక్ష్మదర్శిని మీద వంగి ఉండేవాడు, తల ఎత్తితే పని వెనకబడిపోయేది. ఎడమ చెయ్యి చాపి ఉంచేవాడు. వచ్చినవాళ్ళు ఆ చేతిలో తమ వేలు పెట్టాలి. అతను వేళ్ళని చూసేవాడు గానీ మనుషుల్ని చూసేవాడు కాదు.

కృపమ్మ వేలు పెట్టింది. యోబు స్పిరిట్ దూదితో తుడిచి సూది గుచ్చాడు. నెత్తురు రాలేదు. ముప్ఫై ఏళ్ళ కళ్ళం పని చేసిన తోలు అంత తేలిగ్గా దిగనియ్యదు. రెండోసారి గట్టిగా గుచ్చాడు. వేలు ఇంత గట్టిగా ఉందేంటమ్మా అన్నాడు. ఇంటి పనండి అంది కృపమ్మ. అతను సన్నటి గాజుగొట్టం నోట్లో పెట్టుకుని నెత్తుటి బొట్టుని గీత దాకా పీల్చాడు. దూది వంక చూసి, ఈసారి వచ్చేటప్పుడు పసుపు కడుక్కుని రండమ్మా అన్నాడు. దూది ఎర్రగా కంటే పచ్చగానే ఎక్కువుంది.

ఆమె బయటికొచ్చి వేలు చీరచెంగులో చుట్టుకుంది. ఎక్కడో లోపల గర్వంగా కూడా ఉంది, ఆ మాట దాచడం ఎందుకు. చెల్లెలి కోసం ఇన్నేళ్ళూ ఏదో ఒకటి ఇస్తూనే వచ్చింది. ఇదొక బొట్టు నెత్తురు.

తెల్లకణాలు ఆరువేలు దాటాయి. డాక్టరుగారు చీటీ చూసి, చూశారా టీచరుగారూ, మీ అక్క వంట పనిచేసింది అని మెచ్చుకున్నాడు. ఆ రోజు జనం ఎక్కువ. విజయమ్మ నోరు తెరిపించి చూడలేదు, చీటీ మీద సంతకం పెట్టి పంపించాడు.

ప్రేమకుమారి పొడి సీసా అరచేతుల మధ్య దొర్లించింది. పచ్చమందు సూదిలోకి ఎక్కి, సూదిలోంచి చెల్లెలి నరంలోకి దిగుతున్నంతసేపూ కృపమ్మ కదలకుండా చూసింది. పొయ్యి మళ్ళీ రాజుకుంది అనుకుంది. ఆ మధ్యాహ్నం స్టేషన్ దగ్గర ఆమె చాలా రోజుల తర్వాత కూర్చుని అన్నం తిన్నది.

*

ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారానికి ఇంటికి పోతానని విజయమ్మ పట్టుబట్టింది. సండే స్కూలు పిల్లల్ని చూడాలని ఉంది అంది. కృపమ్మ కళ్ళం పని మానుకుని కూడా వెళ్ళింది. రేపల్లె గుడి ముందు పిల్లలు తాటిమట్టలు ఊపుకుంటూ పాడుతుంటే విజయమ్మ వాళ్ళ మధ్య నిలబడి, నోరు నొప్పి పెడుతున్నా రెండు చరణాలు పాడింది. పిల్లల్లో సగంమందికి ముక్కులు కారుతున్నాయి. వాళ్ళు వచ్చి టీచరుగారి చుట్టూ చేరారు, ఆమె అందరి తలలూ నిమిరింది.

మంగళవారం తెల్లవారేసరికి దుప్పట్లు రెండు కప్పినా విజయమ్మకు వణుకు ఆగలేదు. జార్జి పొద్దున పాసింజరుకి భార్యని ఎత్తుకొచ్చి పడుకోబెట్టాడు. తెనాలి చేరేదాకా కృపమ్మ పెట్టె తలుపు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. విజయమ్మ కళ్ళు తెరిచినప్పుడల్లా, వచ్చేసింది, ఇదిగో వేమూరు, ఇంకెంత అని చెప్పేది. వేమూరు రాకముందే రెండుసార్లు చెప్పింది.

డాక్టరుగారు విడిగా ఒక గదిలో మంచం వేయించి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా, సెలైన్ పెట్టించి ఇంజెక్షన్లు మొదలెట్టించాడు. యోబు మంచం దగ్గరికే వచ్చి నెత్తురు తీసుకుపోయాడు. గంట తర్వాత డాక్టరుగారు జార్జిని వసారాలోకి పిలిచాడు. కృపమ్మ కిటికీ పక్కన నిలబడి విన్నది.

పోయిన సోమవారం ఆరువేల పైన ఉన్న కణాలు వారంలో వెయ్యి కిందికి పడిపోవడం తను ఎక్కడా చూడలేదన్నాడు. ఈ ఒంటికి ఈ మందు పడదు, పడనప్పుడు ఇస్తే మందే చంపుతుంది అన్నాడు. "బతికి బయటపడితే మళ్ళీ ఈ మందు జోలికి పోవద్దు. ఇంటిదగ్గర పెట్టుకుని మంచిగా చూసుకోండి," అన్నాడు.

జార్జి చేతులు కట్టుకుని, మీరెట్లా అంటే అట్లాగేనండి అన్నాడు.

కృపమ్మ అక్కడ్నించి పెరటి కుళాయి దాకా నడిచింది. కుళాయి తిప్పింది, నీళ్ళు పట్టుకోకుండానే కట్టేసింది. ఆరువేలు పడిపోలేదు. ఆ ఆరువేలు తన ఒంట్లో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చెల్లెలి ఒంట్లో ఎప్పుడూ లేనే లేవు. ఈ ముక్క ఈ ఆసుపత్రిలో ఒక్క తనకే తెలుసు. నోరు విప్పకపోతే జ్వరం తగ్గినా మందు ఉండదు, గడ్డ ఉంటుంది. విప్పితే చెల్లెల్ని ఈ స్థితికి తెచ్చింది ఎవరో జార్జికి తెలుస్తుంది, ఊరికి తెలుస్తుంది, అన్నిటికంటే ముందు విజయకి తెలుస్తుంది. యోబు గుమ్మంలో టీ తాగుతూ కనిపించాడు. టీచరుగారికి తగ్గిపోతుందిలెండి, దేవుడున్నాడు అన్నాడు, కప్పులోకే చూస్తూ. కృపమ్మకు అతనితో కూడా చెప్పబుద్ధయింది గానీ అతన్ని దాటుకుని నడిచింది. తిన్నగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"ఆ నెత్తురు మా చెల్లెలిది కాదండి. నాదండి."

ఆయనకి అర్థం కాలేదు. ఏ నెత్తురు అన్నాడు.

"పోయిన సోమవారం చూసిందండి. దానికి మళ్ళీ తక్కువొచ్చిందంటే తిప్పి పంపిచ్చేస్తారని నేనే వేలిచ్చానండి. అది నిద్రపోతాందండి, దానికేం తెలవదు. మందు మంచిదేనండి, గడ్డ కరిగింది. తప్పు నాదండి. మందు ఆపమాకండి."

పూర్ణచంద్రరావు ఆమె మొహం వంక చూశాడు. ఇన్ని నెలల్లో అలా చూడటం అదే మొదలు. తర్వాత ఆమె చేతులు చూశాడు. ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు. చెల్లెల్ని చేతులారా చంపుకునేదానివి గదమ్మా అన్నాడు. కృపమ్మ అవునండి అంది. మనిషి తేరుకుంటే మందు మళ్ళీ మొదలెడతాను, ఆపను అన్నాడు. ఆమె చేతులు జోడించింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆయన యోబుని పిలిపించాడు.

యోబు వచ్చి డాక్టరుగారి మొహం చూసి, కృపమ్మ చెయ్యి చూసి, ఆ చేతిని గుర్తుపట్టాడు. దూది పచ్చబడిందండి, పసుపు రాసుకునేవాళ్ళేమో అనుకున్నానండి అన్నాడు. మనిషిని చూడలేదా అని డాక్టరుగారు అడిగాడు. లేదండి అన్నాడు. రేపట్నించి రావద్దు అన్నాడు డాక్టరుగారు.

"తప్పు నాదని చెప్తన్నాగదండి, ఆయన్నెందుకండి," అని కృపమ్మ అడ్డుపడింది.

"నా లాబ్ సంగతి నీకెందుకమ్మా," అన్నాడాయన.

ఆ సోమవారం ఆయన కూడా మనిషిని చూడలేదు. నోరు తెరవమని ఉంటే ఆ పుళ్ళు కనిపించేవి, ఆరువేలు కణాలున్న మనిషికి ఆ పుళ్ళేంటని అనుమానం వచ్చేది. ఆ మాట అనగలిగినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. యోబు తన టిఫిన్ క్యారేజీ తీసుకుని, సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పి, వసారా మెట్లు దిగాడు. కృపమ్మ ఎదురెళ్ళి నిలబడింది. అతను పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు. ఈసారి కూడా ఆమె మొహం వంక చూడలేదు.

జ్వరం దిగేసరికి ఈస్టరు వచ్చింది. ఆ నాలుగైదు రోజులూ జార్జి వదినతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆమె తెచ్చిన కాఫీ మాత్రం తాగాడు. విజయమ్మకు ఎవరు చెప్పారో తెలియదు, చెప్పక్కర్లేదు కూడా, డాక్టరుగారి గదికీ ఆ గదికీ మధ్యలో ఉన్నది గుడ్డ తెరే. కళ్ళు తేటపడ్డ రోజున అక్కని మంచం దగ్గరికి పిలిచింది.

"నాకు చెప్పి చెయ్యొచ్చుగా అక్కా."

"చెబితే ఒప్పుకునేదానివా?"

విజయమ్మ పైకప్పు వైపు చూస్తూ ఆలోచించింది. ఒప్పుకునేదాన్నే అంది. అంతకంటే తిట్టినా బాగుండేదనుకుంది కృపమ్మ.

*

డాక్టరుగారు మాట తప్పలేదు. ఎండలు ముదిరాక, పాళ్ళు తగ్గించి, మళ్ళీ మొదలెట్టాడు. గడ్డ మళ్ళీ కందిగింజ దగ్గరికి వచ్చింది. కృపమ్మ యోబు కోసం చెరుకుపల్లి దాకా పోయి విచారించింది. బాపట్లలో ఎవరో డాక్టరు దగ్గర కుదిరాడట, ఇంకా కుదరలేదట, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. ఇల్లు తాళం వేసి ఉంది.

మే నెల చివర సోమవారం ఇద్దరూ తెనాలి వచ్చారు. విజయమ్మకు నోరు మళ్ళీ పూసింది. జావ తాగలేక సగం గ్లాసు వదిలేసింది. నెత్తురు చూడకుండానే ఇద్దరికీ తెలిసిపోయింది. వసారా చివర గదిలో యోబు కూర్చునే కుర్చీలో ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. అతనికి వీళ్ళెవరో తెలియదు. సూక్ష్మదర్శిని మీద వంగి, ఎడమ చెయ్యి చాపి పెట్టుకుని ఉన్నాడు. ఆ పనికి అదొక్కటే పద్ధతి కాబోలు.

"విజయమ్మా!" అని పిలిచాడు.

విజయమ్మ లేవలేదు. పైట కింద అక్క చెయ్యి పట్టుకుంది.

"నువ్వెళ్ళక్కా."

కృపమ్మ ముందు వేళాకోళం అనుకుంది. చెల్లెలి కళ్ళు చూశాక అలా అనుకోలేకపోయింది. జూన్‌లో బడి తెరుస్తారని, అప్పటికి లేచి తిరగాలని, ఇంకో వారం ఇంకో వారం అంటే తను ఆగలేనని విజయమ్మ గుసగుసగా చెప్పింది. మొన్న జ్వరం వచ్చినా చావలేదుగా అంది. ఇన్నేళ్ళలో ఆమె అక్కని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

కృపమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ వేలు అక్కడే ఉంది. ఈస్టరుకి ముందు చింతపండూ బూడిదా వేసి తోమినా గోటి అంచున పసుపు పోలేదు. ఒక్క బొట్టు. లోపలికి పోయి రావడానికి వక్క కొరికినంతసేపు పట్టదు. చెల్లెలు మళ్ళీ నవ్వుతుంది, పచ్చమందు దిగుతుంది, ఈ రాత్రికి అన్నం సహిస్తుంది. ఆమె ఆ వేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"కుదరదే. పద," అంది.

చెల్లెల్ని భుజం పట్టి లేపి గదిలోకి నడిపించింది. స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆ మనిషి తల ఎత్తకుండా చాపిన చేతిని ఇంకొంచెం చాపాడు. కృపమ్మ చెల్లెలి మణికట్టు వదల్లేదు.

"ముందు మొహం చూడు బాబూ," అంది.

ఏంటమ్మా అని అతను విసుగ్గా తల ఎత్తాడు.

"ఈవిడ విజయమ్మ. నేను కాదు. బాగా చూసుకుని అప్పుడు పొడు."

అతను ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు. మళ్ళీ విజయమ్మని చూశాడు, కళ్ళ కింద నలుపూ, పెదాల మీద పుళ్ళూ చూశాడు. నొప్పి పెడుతుందమ్మా, కొంచెం ఓర్చుకోండి అని నెమ్మదిగా అని, సూది తీశాడు.

కణాలు తక్కువే వచ్చాయి. వచ్చే సోమవారం రమ్మన్నారు.

రిక్షాలో కృపమ్మ కూడా ఎక్కి చెల్లెలి పక్కన కూర్చుంది. విజయమ్మ మొహం అటు తిప్పుకుంది. బోసు రోడ్డు దాటాక, నీకు నామీద ప్రేమ పోయిందక్కా అంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది, తగిలి అక్కడే ఉండిపోయింది.

బండి ఖాళీగా ఉంది. కృపమ్మ కిటికీ పక్కన కూర్చుంది. లేవలేదు, తలుపు దగ్గరికి పోలేదు. కాలవగట్టు వెనక్కి పోతోంది. కాసేపటికి విజయమ్మ అలిసిపోయి, కోపం తీరకపోయినా వేరే చోటు లేక, అక్క భుజం మీద తల వాల్చింది. అక్క ఒళ్ళో ఉన్న పిడికిలి మీద చెయ్యేసి, విప్పమన్నట్టు వేళ్ళతో మెల్లగా తట్టింది. కృపమ్మ విప్పలేదు. దుగ్గిరాలలో బండి ఆగాక, దిగడానికి చెల్లెలికి చెయ్యి అందించాల్సి వచ్చినప్పుడు విప్పింది.